సిమ్స్‌లో మండువా ఇల్లు, పట్టుచీర, సంక్రాంతి... బెంగళూరులో ఇలాంటివి చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మండువా లోగిలి
శుక్రవారం రాత్రి 11:20

అందరికీ నమస్తే. ఈ బోర్డులో ఎప్పుడు చూసినా తుపాకుల ఆటల గోలే, సిమ్స్ (మనుషుల బొమ్మలకి ఇల్లు కట్టి సంసారం నడిపించే కంప్యూటర్ ఆట) ఆడేవాళ్ళు అసలు ఉన్నారో లేదో తెలుసుకుందామని ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నా. ఉండేది కుందలహళ్ళి, సొంతూరు తణుకు దగ్గర పల్లెటూరు. సిమ్స్ 4లో గోదావరి జిల్లాల మండువా లోగిలి ఒకటి కడుతున్నాను. నాలుగు వైపులా గదులు, మధ్యలో ఆకాశం కనిపించే మండువా, చుట్టూ స్తంభాల వసారా, ముందు వీధి అరుగు. వినడానికి తేలికే, కట్టడం మొదలుపెడితే చుక్కలు కనిపిస్తున్నాయి. గోడలు నాలుగూ కలిసిపోగానే ఆట దాన్ని గది అనుకుని పైన కప్పేస్తుంది. వాన పడితే నీళ్ళు మండువాలో పడాలి కదా, సీజన్స్ ప్యాక్ పెట్టుకున్నదే ఆ వాన కోసం.

ఇంక వస్తువులు. తులసి కోట లేదు, ఉయ్యాల బల్ల లేదు, పసుపు రాసిన గడప లేదు. ఇంట్లో సిమ్‌కి, అంటే ఆటలో మనిషి బొమ్మకి, చీర కట్టాలంటే దొరికేవన్నీ హిందీ సీరియల్ అత్తగారి టైపు. 2021లో వచ్చిన ఫ్యాషన్ స్ట్రీట్ కిట్ ముంబయి వీధుల స్టైలు, బాగానే ఉంది కానీ మన ఇంటికి అతకదు. కస్టమ్ కంటెంట్, అంటే ఆటలో లేని వస్తువులు, బట్టలు మనమే చేసి పెట్టుకోవడం, తెలిసినవాళ్ళుంటే కొంచెం దారి చూపించండి. వీలైతే ఒక ఆదివారం కలుద్దాం కూడా.

సిల్క్‌బోర్డు బాధితుడు
శుక్రవారం రాత్రి 11:52

నువ్వొక్కదానివే కాదక్కా, ఉన్నాం. ఆఫీసు నుంచి ఇంటికి చేరేసరికి సగం జీవితం అయిపోతుంది కాబట్టి మిగతా సగం సిమ్స్‌లో బతుకుతున్నా.

మండువాకి విరుగుడు ఉంది. గది అనేది గోడలతో పూర్తిగా చుట్టేస్తేనే గది. ఒకచోట గోడ తీసేసి అక్కడ ఫెన్స్ పెట్టు, ఫెన్స్‌ని ఆట గోడ కింద లెక్కేయదు. మధ్య భాగం బయటి నేల అయిపోతుంది, వానా పడుతుంది, ముగ్గూ వేసుకోవచ్చు. ఆ ఖాళీ కనబడకుండా పెరటి వైపు సందులా మలుచుకో, నిజం ఇళ్ళలో కూడా అలాంటి సందు ఉండేది కదా. స్తంభాలు గడి మధ్యలోకి జరపాలంటే బీబీ డాట్ మూవ్‌ఆబ్జెక్ట్స్ ఆన్ అని చీట్ కొట్టి ఆల్ట్ నొక్కి పట్టుకుని జరుపు. గంగాళం కావాలంటే ఏదైనా పూలకుండీ తీసుకుని షిఫ్ట్‌తో పాటు మూసే బ్రాకెట్ కీ నొక్కు, నొక్కిన కొద్దీ పెద్దదవుతుంది. ఇంకా నచ్చినట్టు వంచాలి, తిప్పాలి, భూమిలోకి దించాలి అంటే ట్విస్టెడ్‌మెక్సీ చేసిన టూల్ అనే మోడ్ (ఆటకి అభిమానులు చేసే అదనపు ఫైలు) వేసుకో. అది లేకుండా ఉయ్యాల గొలుసులు వేలాడదీయడం నా వల్ల కాలేదు.

అనంతపురం అబ్బి
శనివారం ఉదయం 8:15

ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. బెంగళూరులో నిజం ఇంటి అద్దె, అడ్వాన్సు కట్టలేక చస్తా ఉంటే కంప్యూటర్లో ఇల్లు కట్టి దానికి తులసి కోట పెట్టుకోవడం ఏంది? దాంట్లో గెలిచేదేముంది, ఓడేదేముంది? ఆట అంటే స్కోరు ఉండాల కదా.

నిశాచరి
శనివారం ఉదయం 9:40

అబ్బి బ్రో, ఈ ఆట పుట్టిందే ఇల్లు పోగొట్టుకున్న మనిషి బుర్రలోంచి. 1991లో ఓక్లాండ్ కొండల్లో పెద్ద మంటలు లేచినప్పుడు విల్ రైట్ ఇల్లు కాలిపోయింది. మళ్ళీ సంసారానికి ఏమేం కావాలో ఒక్కొక్కటే కొనుక్కుంటుంటే వచ్చిన ఆలోచన 2000 ఫిబ్రవరిలో సిమ్స్‌గా బయటికొచ్చింది. పైగా ఆట విడుదలకు ముందే బొమ్మలకి కొత్త బట్టలు, గోడలకి కొత్త రంగులు చేసుకునే టూల్స్‌ని ఆట చేసిన మ్యాక్సిస్ కంపెనీ వాళ్ళు జనానికి ఇచ్చేశారు. అంటే అభిమానులు చేసిన సరుకు ఆటలోకి దొడ్డిదారిన రాలేదు, మొదటి రోజు నుంచీ వాళ్ళకి తలుపు తీసే ఉంది.

గెలుపోటములు కావాలంటే లెగసీ ఛాలెంజ్ ఆడు. అదీ అభిమానులు పెట్టుకున్న రూలే, కంపెనీది కాదు. ఖాళీ స్థలంలో ఒక్క సిమ్‌తో మొదలుపెట్టి 10 తరాలు నడపాలి, డబ్బు చీట్లు వాడకూడదు. నాలుగో తరంలో వారసుడు పొయ్యి అంటుకుని పోతే ఎంత ఏడుపొస్తుందో చూడు, స్కోరు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

కుచ్చిళ్ళ కుమారి
శనివారం మధ్యాహ్నం 1:05

చీర గురించి నేను చెప్తాను. కోరమంగళలో ఆటలకి త్రీడీ బొమ్మలు చేసే స్టూడియోలో పని, ఇంటికొచ్చి మళ్ళీ అదే పని, మా ఆయన దండం పెట్టేశాడు.

మామూలుగా అందరూ చేసేది ఏమిటంటే, ఇంటర్నెట్‌లో దొరికిన చీర మోడల్ తెచ్చి సిమ్స్ 4 స్టూడియోలో (ఆటకి కస్టమ్ సరుకు తయారుచేసే సాఫ్ట్‌వేర్) పడేస్తారు. నిలబడి ఉన్నంతసేపు లక్ష్మీదేవిలా ఉంటుంది. సిమ్ నడవగానే కుచ్చిళ్ళు రెండు కాళ్ళ మధ్య చీలిపోతాయి, చెయ్యెత్తితే పమిట చేతితో పాటు రబ్బరులా సాగుతుంది. ఎందుకంటే చీరలోని ప్రతి బిందువూ ఏ ఎముకతో ఎంత కదలాలో రాసి ఉండాలి, దాన్నే వెయిట్స్ అంటాం. కింది భాగానికి ఆటలోనే ఉన్న పొడుగు స్కర్టు నుంచి వెయిట్స్ బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే నడక సరిపోతుంది. పమిట మాత్రం చేత్తో పెయింట్ చేయాల్సిందే. భుజం మీద ముడత ఉన్నచోట వెన్నెముకకి ఎక్కువ, భుజానికి కొంచెం, మోచేతికి అసలు వద్దు. వెనక వేలాడే కొంగు మొత్తం వెన్నెముకకే ఇచ్చేయండి, అప్పుడు వంట చేసేటప్పుడు కొంగు పొయ్యిలోకి పోదు.

రెండోది జరీ. సిమ్ ఒంటి మీద బట్టలన్నీ, తల నుంచి కాలిదాకా, ఒకే టెక్స్‌చర్ షీటు (మోడల్ మీద అతికే రంగుల బొమ్మ) పంచుకుంటాయి, మామూలుగా అది 1024 బై 2048 పిక్సెళ్ళు. అందులో మంగళగిరి నిజాం బోర్డర్‌కి మీకు దక్కేది ఎన్నో పిక్సెళ్ళు కాదు. అందుకే కంచిపట్టు ఫొటో తెచ్చి అతికిస్తే బోర్డర్ బురదలా కనిపిస్తుంది. ఫొటో వాడొద్దు, బోర్డర్ లైన్లు మీరే గీయండి, నిజంగా ఉన్నదానికంటే పెద్దగా, తక్కువ డిజైనుతో. మెరుపుని రంగులో వేయకండి, దానికి స్పెక్యులర్ మ్యాప్ అని వేరే ఉంటుంది, జరీ గీతలు మాత్రం అందులో తెల్లగా పెడితే దీపం ముందుకొచ్చినప్పుడు అక్కడే తళుక్కుమంటుంది. మొదటిసారి అలా మెరిసినప్పుడు నేను మా అత్తగారిని పిలిచి చూపించాను. ఆవిడ చూసి "జాకెట్టుకి చేతులు పొట్టిగా ఉన్నాయి" అన్నారు.

మండువా లోగిలి
శనివారం మధ్యాహ్నం 1:48

కుమారి గారూ, మీకు కాళ్ళకి దండం. పొయ్యి దగ్గర కొంగు సంగతి నేనే అడగబోతున్నా.

ఫెన్స్ ఉపాయం పనిచేసింది. వాన పడుతోంది మండువాలో, స్క్రీన్‌షాట్ పెట్టాను చూడండి. పెంకుల కప్పు మూలలు మాత్రం ఒకదాంట్లోంచి ఒకటి పొడుచుకొస్తున్నాయి, వాటితో ఈ రాత్రి కుస్తీ. ముగ్గు కోసం ఏం చేయాలి?

సిల్క్‌బోర్డు బాధితుడు
శనివారం మధ్యాహ్నం 2:10

ముగ్గు అన్నిటికంటే తేలిక, అక్కడి నుంచే మొదలెట్టాల్సింది నువ్వు. స్టూడియోలో ఏదైనా రగ్గుని క్లోన్ చేసి దాని బొమ్మ తీసేసి నీ ముగ్గు పెట్టు, ముగ్గు గీతలు తప్ప మిగతాదంతా పారదర్శకం. మెష్ (వస్తువు త్రీడీ ఆకారం) జోలికి పోనక్కర్లేదు. పదహారు చుక్కల ముగ్గు, రథం ముగ్గు, తామరలు అన్నీ ఒకే రగ్గుకి వేరే వేరే స్వాచ్‌లుగా (ఒకే వస్తువుకి ఎంచుకునే డిజైన్లుగా) పెట్టెయ్. ముత్యాల ముగ్గు గీతలు మరీ సన్నగా ఉంటే దూరం నుంచి మాయమైపోతాయి, కొంచెం లావుగా గీయి.

పెలికన్ పల్లెటూరు
శనివారం సాయంత్రం 6:30

సిమ్స్ నాకు రాదు, కానీ ఈ థ్రెడ్ నాకోసమే ఉన్నట్టుంది. నేను స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం ఆటలో సంక్రాంతి పండగ మోడ్ చేస్తున్నా. కోడింగ్ పెద్దగా రానివాళ్ళు కూడా చేయొచ్చు. మోడ్‌లని ఆటలోకి ఎక్కించే స్మాపి వేసుకుని, కోడు లేకుండా ఆటని మార్చే కంటెంట్ ప్యాచర్‌కి ఏది మార్చాలో ఒక జేసన్ ఫైల్లో రాసిస్తే చాలు, మ్యాపు టైల్డ్ అనే సాఫ్ట్‌వేర్‌లో గీసుకోవచ్చు. ఎరిక్ బరోన్ ఒక్కడే బొమ్మలు, సంగీతం, కోడు అన్నీ చేసి 2016లో వదిలిన ఆట, ఇప్పటికీ అభిమానులు దానికి ఊళ్ళకి ఊళ్ళు కలుపుతున్నారు. స్టార్‌డ్యూ వ్యాలీ ఎక్స్‌పాండెడ్ అనే మోడ్ ఆడితే తెలుస్తుంది, అసలు ఆట ఎక్కడ ఆగిందో, అభిమాని ఎక్కడ మొదలుపెట్టాడో పోల్చుకోలేం.

నా చిక్కు వేరే. అందులో ఏడాదికి నాలుగు కాలాలు, ఒక్కోటి 28 రోజులు. సంక్రాంతి చలికాలం పండగ కదా అని వింటర్‌లో పెట్టాను. కానీ వింటర్‌లో అక్కడ మంచు, బయట పొలంలో మామూలు పంట ఏదీ పండదు! పంట ఇంటికి రాకుండా సంక్రాంతి ఏంటి? పోనీ ఫాల్‌లో (ఆకులు రాలే కాలం) పెడదామంటే 16న వాళ్ళ జాతర, 27న దెయ్యాల పండగ ఉన్నాయి. ఫాల్ 24 అనుకుంటున్నా. మా తమ్ముడేమో భోగి మంటకి చలి ఉండాలంటాడు. మీరేమంటారు?

నిశాచరి
శనివారం సాయంత్రం 6:55

పంటకే ఓటు. ఫాల్ 24. భోగి మంట వేస్తే చలి దానంతటదే వస్తుంది.

అనంతపురం అబ్బి
శనివారం రాత్రి 7:20

ఫాల్ చివర్లోనే పెట్టు సామీ. చలికి గుమ్మడికాయలు ఎట్ల వస్తాయి, గొబ్బెమ్మల మీద పెట్టను గుమ్మడి పూలు వద్దా? (నేనేం ఆడటం లేదు, ఊరికే చదవతా ఉన్నా.)

పెలికన్ పల్లెటూరు
శనివారం రాత్రి 7:42

అబ్బి అన్నా, దొరికిపోయావ్. ఆ ఆటలో గుమ్మడికాయ ఫాల్ పంటే. అయితే ఫాల్ 24 ఖాయం.

మనుషుల బొమ్మల గురించి కూడా చెప్పాలి. మాట్లాడేటప్పుడు వచ్చే ముఖం 64 బై 64 పిక్సెళ్ళు, అందులో బొట్టు, ముక్కుపుడక, జడలో కనకాంబరాలు అన్నీ పడతాయి. ఊళ్ళో నడిచే బొమ్మ మాత్రం 16 వెడల్పు, 32 ఎత్తు. అందులో బొట్టు అంటే ఒక్క పిక్సెల్, దాన్ని ఎర్రగా పెడితే దెబ్బ తగిలినట్టుంది, మెరూన్ చేస్తే కనబడదు. చివరికి బొట్టు వదిలేసి జడకుచ్చులు పెట్టా. రెండు పిక్సెళ్ళు అటూ ఇటూ ఊగితే చాలు, ఎవరైనా మనమ్మాయే అంటారు.

తెలుగులో మాటలు పెట్టడం మాత్రం ఆపేశా. కొత్త భాష చేర్చే వీలుంది కానీ ఆట ఒక్కో అక్షరం బొమ్మని పక్కపక్కన పేర్చుకుంటూ పోతుంది. మన వత్తులు, గుణింతాలు కిందికీ పైకీ కలవాలి, అది దానికి తెలియదు. క్ష్మి ఒక్కటి రాయించేసరికి తాతలు దిగొచ్చారు. ప్రస్తుతానికి డైలాగులు ఇంగ్లీషు లిపిలో తెలుగు.

ఆర్‌పీ రంగడు
శనివారం రాత్రి 9:15

మీరంతా బొమ్మలు చేస్తుంటే మేం బొమ్మలమే అయిపోయాం. జీటీఏ 5లో ఫైవ్ఎమ్ (సొంత సర్వర్లు నడుపుకునే మోడ్) మీద మా తెలుగు కుర్రాళ్ళం పాత్రలు వేసుకుని ఆడే ఒక సర్వర్ నడుపుతున్నాం, మడివాలలో ముగ్గురం, మిగతావాళ్ళు హైదరాబాదు, నెల్లూరు. నాది ఆటో డ్రైవర్ పాత్ర. దొంగతనాలు చేయను, తుపాకీ పట్టను, మీటరు వేయకుండా బేరమాడటమే నా పని. కొత్తవాడు చేరాలంటే తన పాత్ర కథ రాసి పంపాలి, "నాన్న పోలీసు, వాళ్ళు చంపేశారు, పగ" అని రాస్తే వెనక్కి పంపేస్తాం, అది ప్రతివాడూ రాస్తాడు. స్ట్రీమ్ చూసి తెలుసుకున్నది పాత్రకి తెలిసినట్టు వాడితే మెటాగేమింగ్, కారణం లేకుండా కాల్చేస్తే ఆర్‌డీఎమ్, రెండిటికీ బ్యానే.

మొన్నొకరోజు ఒకతను కిరాణా కొట్టు పాత్రలో అప్పుల పుస్తకం పెట్టాడు. నిజంగానే రాసుకుంటున్నాడు, ఎవడెంత బాకీయో. వారం తిరిగేసరికి దొంగల ముఠా మొత్తం వాడికి బాకీ. కొట్టు దోచుకుందామని వచ్చినవాళ్ళు తలదించుకుని బాకీ తీర్చి వెళ్ళారు. ఆ సీను ఏ మిషన్‌లోనూ ఉండదు.

మండువా లోగిలి
ఆదివారం ఉదయం 10:05

రంగడు గారు, ఆ అప్పుల పుస్తకానికి నేను ఫ్యాన్ అయిపోయా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, కొంచెం మంట మీద ఉన్నా. రాత్రి మన తెలుగు గ్రూపులన్నీ తిరుగుతుంటే ఒక సైటులో తులసి కోట దొరికింది, తెగ సంతోషపడి చూస్తే డబ్బు కట్టాలట, శాశ్వతంగా. ఇంకొంచెం కిందికి పోతే కామెంట్లలో ఎవరో అమ్మాయి "ఇది నేను ఉచితంగా పెట్టింది, నా పేరు తీసేసి అమ్ముతున్నారు" అని పాత లింకుతో సహా మొరపెట్టుకుంది. ఎవరూ పట్టించుకోలేదు. ఇలాంటివి చూశాక నేను చేసినవి బయట పెట్టాలా అనిపిస్తోంది.

కుచ్చిళ్ళ కుమారి
ఆదివారం ఉదయం 11:30

పెట్టాలి. కానీ కళ్ళు తెరుచుకుని పెట్టాలి. 2022లో సిమ్స్ కంపెనీ ఈఏ వాళ్ళు చెప్పేశారు, మోడ్‌లు, కస్టమ్ కంటెంట్ అందరికీ ఉచితంగా అందాలి, విరాళాలు తీసుకోవచ్చు, కొన్నాళ్ళు ముందస్తుగా చందాదారులకి ఇవ్వొచ్చు, ఆ తర్వాత తలుపు తెరవాల్సిందే. శాశ్వతంగా తాళం వేయడం నియమానికి విరుద్ధం. దొంగిలించి అమ్మడం ఇంకో మెట్టు కింద.

అలా అని డబ్బు అడిగినవాళ్ళందరినీ దొంగలంటే నేనొప్పుకోను. ఒక చీరకి నాకు వారాంతాలు వారాంతాలు పోతాయి. కరెంటు, కంప్యూటరు, మెడనొప్పి అన్నీ నావే. ముందస్తుగా నాలుగు వందలిచ్చి తీసుకునేవాళ్ళు ఉంటే తప్పేముంది?

నిశాచరి
ఆదివారం మధ్యాహ్నం 12:10

తప్పు అనను అక్కా, కానీ డబ్బు వచ్చిన చోట గొడవ కూడా వస్తుంది. 2015 ఏప్రిల్‌లో స్కైరిమ్ అనే ఆట మోడ్‌లు స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో అమ్ముకోవచ్చన్నారు. చేసినవాడికి ధరలో 25 శాతం. ఎవరి మోడ్‌లో ఎవరి యానిమేషన్ ఉంది, ఎవరిని అడిగి వాడారు అని జనం జనం కొట్టుకుని, కొద్ది రోజుల్లోనే స్టీమ్ వాళ్ళు ఎత్తేశారు. అప్పటిదాకా "నా ఫైలు వాడుకో తమ్ముడూ" అన్నవాళ్ళే లెక్కలడగడం మొదలెట్టారు. ఉచితం అన్నంతకాలం మోడ్‌లు ఒకదాని మీద ఒకటి నిలబడతాయి, నా గొడవల్లా ఆ పునాది గురించే.

అదే స్కైరిమ్‌లోంచి ఫర్గాటెన్ సిటీ అనే మోడ్ వచ్చింది, 2015లో, ఉచితంగా. ఆస్ట్రేలియా రచయితల సంఘం అవార్డు దానికి వచ్చింది, తర్వాత చేసినతను ఉద్యోగం మానేసి దాన్ని సొంత ఆటగా 2021లో విడుదల చేశాడు. డబ్బు రావాలంటే ఆ దారిలో రానీ.

కుచ్చిళ్ళ కుమారి
ఆదివారం మధ్యాహ్నం 12:25

అందరూ ఉద్యోగాలు మానేయలేరు కదా నిశాచరీ. ఈఎంఐలు ఉన్నాయి ఇక్కడ.

ఆర్‌పీ రంగడు
ఆదివారం మధ్యాహ్నం 12:40

మా సర్వర్ ఖర్చు మేం పంచుకుంటాం, పేరు మాత్రం ఎవరిది వాళ్ళకే. ఆటో మీద రాసిన "అమ్మ దీవెన" బొమ్మ ఎవరు చేశారో ఫైల్లోనే రాసుంటుంది. డబ్బు సంగతి ఎలాగైనా తేల్చుకోండి, పేరు చెరిపేవాడిని మాత్రం ఊళ్ళోకి రానివ్వకండి.

మోడరేటర్
ఆదివారం మధ్యాహ్నం 1:15

ఆ సైటు లింకు తీసేశాను, ఇక్కడ మళ్ళీ పెట్టకండి, తిట్లు కూడా వద్దు. ఇకనుంచి ఈ బోర్డులో ఫైలు పంచుకునేవాళ్ళు మెష్ ఎవరిది, టెక్స్‌చర్ ఎవరిది, రంగులు మార్చుకోవచ్చా, వేరే చోట పెట్టొచ్చా అన్న నాలుగు సంగతులు పోస్టులోనే రాయాలి. రాయకపోతే పోస్టు తీసేస్తాను. చందా లింకు పెట్టుకోవచ్చు, కానీ ఉచితంగా ఏ తేదీన వస్తుందో దాని పక్కనే ఉండాలి.

సిల్క్‌బోర్డు బాధితుడు
ఆదివారం మధ్యాహ్నం 3:30

మంచిది. లోగిలి అక్కా, ఇల్లు గ్యాలరీకి (ఆటలోనే ఇళ్ళు పంచుకునే చోటు) ఎక్కించేటప్పుడు ఒకటి గుర్తుంచుకో, గ్యాలరీ కస్టమ్ వస్తువుల్ని మోసుకుపోదు. దించుకున్నవాళ్ళ దగ్గర అవి లేకపోతే తులసి కోట ఉన్నచోట ఖాళీ. కాబట్టి ట్రే ఫైళ్ళు (ఇల్లు), ప్యాకేజీ ఫైళ్ళు (కస్టమ్ వస్తువులు) రెండూ కలిపి ఒక జిప్ చెయ్. కన్సోల్‌లో ఆడేవాళ్ళకి మోడ్‌లే పనిచేయవు, వాళ్ళ కోసం ఆటలో ఉన్న వస్తువులతోనే ఇంకో వెర్షన్ పెడితే పుణ్యం. కొత్తగా చేరినవాళ్ళకి కూడా చెప్తున్నా, ప్రతి ప్యాచ్ తర్వాత ఆట మోడ్‌లని తనే ఆపేస్తుంది, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మళ్ళీ టిక్ పెట్టాలి. ఇల్లు మాయమైందని ఏడుస్తూ పోస్టు పెట్టేముందు అది చూడండి. స్క్రిప్ట్ మోడ్‌లని మోడ్స్ ఫోల్డర్‌లో ఒక్క సబ్‌ఫోల్డర్ కంటే లోతుగా పెడితే అవి అసలు కదలవు.

పెలికన్ పల్లెటూరు
ఆదివారం సాయంత్రం 5:00

కలవడం సంగతి? కబ్బన్ పార్క్ అనుకుందామంటే ల్యాప్‌టాప్‌లకి ప్లగ్ ఉండదు, వానొస్తే అంతే. మా ఫ్లాట్ బెల్లందూరు, హాల్లో పదిమంది పడతారు, ఓనర్ పైనే ఉంటాడు కాబట్టి తొమ్మిదికల్లా ముగించాలి. మా రూమ్మేట్ కన్నడ అబ్బాయి, అతను తొట్టి మనె చేస్తున్నాడు, వాళ్ళ వైపు మండువా ఇల్లు లాంటిదే. అతన్నీ కూర్చోబెడదాం, కప్పు మూలలు అతనికి కుదిరాయట.

మండువా లోగిలి
ఆదివారం సాయంత్రం 5:20

కప్పు మూలలు కుదిరినవాడు ఉన్నాడా! వచ్చే ఆదివారం పొద్దున పదకొండుకి వచ్చేస్తా. పులిహోర నాది.

అనంతపురం అబ్బి
ఆదివారం సాయంత్రం 5:45

నేనూ రావచ్చా? ఆడటానికి కాదు, పులిహోరకి. సరే, ఆ గుమ్మడికాయల ఆట ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా ఆడొచ్చా?

పెలికన్ పల్లెటూరు
ఆదివారం సాయంత్రం 5:50

ఆడొచ్చన్నా. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం వేయకు.

కుచ్చిళ్ళ కుమారి
ఆదివారం రాత్రి 10:40

ముదురాకుపచ్చ మంగళగిరి చీర టెస్ట్ ఫైలు పెట్టాను. మెష్ నాది, టెక్స్‌చర్ నాది, రంగులు మార్చుకోవచ్చు, నా పేరు ఉంచాలి, వేరే చోట ఎక్కించవద్దు. నడక, వంట, డాన్సు బాగానే ఉన్నాయి. కింద కూర్చున్నప్పుడు మాత్రం కుచ్చిళ్ళు మోకాళ్ళలోంచి పొడుచుకొస్తున్నాయి. దించుకున్నవాళ్ళు అరుగు మీద, ఉయ్యాల మీద, నేల మీద మూడు చోట్లా కూర్చోబెట్టి స్క్రీన్‌షాట్లు పంపండి.

సిల్క్‌బోర్డు బాధితుడు
ఆదివారం రాత్రి 11:25

అరుగు మీద ఓకే. ఉయ్యాల మీద ఎడమ మోకాలు ఒక్కటే బయటికొచ్చింది, ఫొటో పెట్టా. జాకెట్టు చేతులు మాత్రం నిజంగానే పొట్టిగా ఉన్నాయండీ, మీ అత్తగారు కరెక్టే.